వెనక్కి నడిచి ఘాటీ ఎక్కిన మా సావుకారు

మా బస్సు సావుకారు పోయాడు. సాలూరు సంతలో చింతపండు తూచేవాణ్ణి తిడుతూ తిడుతూ, తిట్టు సగంలో ఆపేసి బస్తాల మీదికి ఒరిగిపోయాడట. కబురు తెచ్చిన మనిషి కళ్ళు తుడుచుకుంటూ చెప్పాడు. నాకు మాత్రం, ఆ తూచేవాడు మిగతా సగం తిట్టు కోసం ఇంకా తల వంచుకుని నిలబడే ఉంటాడనిపించింది.

ఆ తర్వాత సంతాప సభ పెట్టారు. దాత అన్నారు, ధర్మాత్ముడన్నారు, మన్యానికి మోటారు తెచ్చిన మహానుభావుడన్నారు. ఆయన ఎదురొస్తే సందు మార్చి పోయినవాళ్ళే అంతా. ఆయన బస్సు తోలినవాణ్ణి నేను. నాకు తెలుసు. ఆయన దాత కాడు, ధర్మాత్ముడు అసలే కాడు. ఒట్టి డాబు మనిషి. చచ్చిపోయాడు కదా అని లేని గుణాలు అంటగడితే, ఉన్న ఒక్కటీ వాటి కింద పడి నలిగిపోతుంది. అందుకే మిషను బళ్ళో నేర్చుకున్న నాలుగక్షరాలతో ఇది రాస్తున్నాను.

బస్సులో ముందు సీటు ఆయనది. తలపాగా చూసుకోడానికి డ్రైవరు అద్దం తన వైపు తిప్పుకునేవాడు. వెనక వచ్చే బండి నాకు కనపడదు బాబూ అంటే, "ఎనకున్నోడి సంగతి నీకెందుకురా? మనం ముందున్నాం కదా" అనేవాడు. కొండవాళ్ళు అడ్డాకుల కట్టలతో ఎక్కితే ముక్కుకి ఉత్తరీయం అడ్డం పెట్టుకునేవాడు. ఆ ఆకులమ్మే కదా ఈయన ఉత్తరీయం కొన్నది! ఆయనకి ఇష్టమైన మాట ఒకటుండేది: "కనిపించంది ఉన్నా నేనట్టేరా." కంటికి కనపడనిది లేనట్టేనన్న ఆ మాటే మా బస్సుని పాడుచేసింది.

విశాఖపట్నంలో ఎవరో జమీందారు కారుకి ఇత్తడి కార్బరేటరు మెరుస్తుంటే చూశాడు. పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజనుకి అందించే సామాను అది. దాని పని ఏమిటో ఆయనకి తెలీదు, మెరుపు నచ్చింది. అలాంటిదే మద్రాసు నుంచి తెప్పించాడు. మా బస్సుకి ఉన్నది ఇంజను పక్కన బాగా కిందికి ఉండేది. బిగించడానికి వచ్చిన ఫిట్టరు ఇదీ అక్కడే పెట్టబోయాడు.

"కిందెడితే ఎవుడికి కనిపిత్తాదిరా? బానెట్టు ఎత్తగానే కళ్ళకి కొట్టాల" అన్నాడు సావుకారు.

ఫిట్టరు తల గోక్కుని, ఒక వంపు గొట్టం పోత పోయించి, దాని మీద కార్బరేటరుని జానెడు పైకి లేపి బిగించి వెళ్ళిపోయాడు. సంత జనమంతా వచ్చి చూశారు. సావుకారు పక్కన నిలబడి మీసం తిప్పాడు.

మొదటి రోజు ట్యాంకు నిండా పోసి బయల్దేరితే పాచిపెంట దాటి ఘాటీ కొండదారిని పాటలా ఎక్కేసింది. రెండో ప్రయాణం నుంచీ మొదలైంది తెగులు. చదునులో గుర్రంలా పరిగెత్తేది. ఎత్తు మొదలవగానే దగ్గేది, కార్బరేటరు మూతిలోంచి టప్ టప్ మని ఎదురు తన్నేది, ఆగిపోయేది. కాసేపు ఊరుకుంటే మళ్ళీ అంటుకుని నాలుగు గజాలు లాగి మళ్ళీ ఆగేది. జనం దిగి తోసేవారు. ఎక్కువగా ఆడవాళ్ళు, నెత్తి మీద కట్టలతోనే.

నేను చెయ్యని పని లేదు. ప్లగ్గులు మార్చాను. పెట్రోలుని తోలుగుడ్డలో వడగట్టాను. గొట్టం అతుకు దగ్గర గాలి దూరుతోందేమోనని దాని చుట్టూ నూనె పోసి చూశాను, దళసరి అట్ట కోసి మధ్యలో పెట్టి బిగించాను. పెట్రోలు ఎక్కువ వదులుదామని సూదిమర తిప్పితే చదునులో నల్లటి పొగ, ఎత్తులో అదే దగ్గు. సావుకారు వైద్యం వేరు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించాడు. ఘాటీ అమ్మవారికి కోడిని కోయించాడు. అదీ కుదరకపోతే నా మీద పడ్డాడు.

"నీ పేర్థనలు ఇంజనుకి పడతన్నేదురా! మద్రాసు సామాను నీ సేతిలో పడి సెడిపోనాది" అని సంతలో అందరి ముందూ అరిచేవాడు. ఎవరు కనపడినా అదే మాట. ఊళ్ళో నన్ను బస్సు పాడుచేసినవాడిగానే చూడటం మొదలెట్టారు. పాత కార్బరేటరు పెట్టి చూద్దాం బాబూ అంటే చెప్పు తీశాడు.

అప్పుడే కొండ మీద ఒక ఊళ్ళో కలరా పడింది. మిషను ఆసుపత్రి డాక్టరమ్మగారు మందుల పెట్టెలతో వచ్చి బస్సడిగారు. డాక్టరమ్మగారు తన బస్సెక్కడం సావుకారుకి గొప్ప. జరీ తలపాగా చుట్టుకుని తనూ వచ్చాడు. నిటారు ఎత్తు మొదలైన చోట బస్సు యథాప్రకారం దగ్గి ఆగిపోయింది.

"తోసేవాళ్ళు లేరు. ఎడ్లబండి మాట్లాడితే రేపటికి చేరతాం. అప్పటికి నేను వెళ్ళి ఏం లాభం?" అన్నారు డాక్టరమ్మగారు.

ఇక లాభం లేదని, వెనక్కి దిగి కిందనుంచి బండి తెద్దామని బస్సు ముందూ వెనకా ఆడించి మలుపులో తిప్పాను. ముక్కు పల్లం వైపు పడిందో లేదో ఇంజను ఏ రోగమూ లేనట్టు గుర్రుమంది. నాకు ఒళ్ళు మండిపోయింది. సావుకారు మాత్రం ఆపమని దిగాడు. బానెట్టు వైపు చూశాడు, నా సీటు కిందున్న ట్యాంకు వైపు చూశాడు.

"ఒరే, పెట్రోలు ట్యాంకులోంచి ఎలాగొత్తాది?"

"పల్లానికి నీళ్ళొచ్చినట్టే బాబూ, గొట్టంలో జారి."

"మరి ముక్కు పైకెత్తితే?"

అప్పుడు నాకు తట్టింది. ఎత్తు ఎక్కేటప్పుడు కార్బరేటరు ట్యాంకు కంటే పైకి పోతోంది. ట్యాంకు నిండా ఉంటే కొంత అందేది, తగ్గితే చుక్క చేరదు. పాతది కింద ఉండేది కనుక ఏనాడూ ఆ బాధ లేదు. ఇంతకాలమూ ఇంజను పస్తుతో ఆగిపోయేది.

"వెనక్కి ఎక్కితే ట్యాంకు పైనుంటాది బాబూ" అన్నాను.

"ఇలా పెట్టింది ఎవరు?" అని అడిగారు డాక్టరమ్మగారు.

సావుకారు నా పేరు చెప్తాడని నాకు ఖాయంగా తెలుసు. చెప్పడం ఆయనకి అలవాటైపోయింది.

"నానే అమ్మా. కనిపిత్తాదని ఎత్తు మీదెట్టించినాను. ఈడి తప్పేటీ నేదు" అన్నాడు.

తర్వాత చెప్పులు విడిచి బస్సులో పడేశాడు. వెనక అద్దంలో ఘాటీ మలుపులు నాకు సరిగా కనపడవు. లోయ పక్కనే ఉంది. అందుకని ఆయన బస్సుకి వెనక, అంటే ఎత్తు వైపు, నా వంక మొహం పెట్టి వెనక్కి నడుస్తూ చేతులూపాడు. "కుడికి! ఆపు, ఆపు! రాయుంది. బేగి రా, రా!" జరీ తలపాగా జారి మెడలో పడింది. ఎదురొచ్చిన బండ్లవాళ్ళు ఎడ్లని ఆపి మరీ నవ్వారు. ఘాటీ పైన ఆ రోజు సంత. మా బస్సు వీపు ముందుగా, సావుకారు అంతకంటే ముందుగా, బురదకాళ్ళతో వెనక్కి వెనక్కి సంతలోకి వచ్చాం. ఈలలు, కేకలు. మామూలుగా అయితే వాళ్ళ ఏడుతరాలూ తిట్టేవాడు. ఆ రోజు మాత్రం "తప్పుకోండి, డాక్టరమ్మొచ్చింది" అని తప్ప ఇంకో మాట అనలేదు.

ఆ ఊళ్ళో అప్పటికే కొందరు పోయారు. మందు అందినవాళ్ళలో చాలామంది బతికారు.

ఇక్కడితో ఆపితే ఆయన మంచివాడైపోతాడు. కాలేదు. నెల తిరక్కుండా కార్బరేటరుని కిందికి దింపించి, అది తన బుర్రలో పుట్టిన ఉపాయమని పార్వతీపురం దాకా చాటుకున్నాడు. నాకు క్షమాపణ చెప్పలేదు. అద్దం మళ్ళీ తన వైపే తిప్పుకున్నాడు. పిల్లగుంటలు "ఎనక సావుకారూ!" అని అరిస్తే రాళ్ళు విసిరేవాడు. నాకాయన మీద గౌరవం పుట్టిందనలేను. కానీ ఇంజను నువ్వే చెడగొట్టావని ఇంకెవరూ నన్ననలేదు. ఇంకొకరి బస్సు తోలమని కబురొచ్చినా నేను వెళ్ళలేదు.

ఆయన పోయిన తర్వాత మొదటిసారి బస్సు ఘాటీ ఎక్కించాను. పైన కలరా వచ్చిన ఊరి ముసలాయన ఒకడు రోడ్డు పక్కన నిలబడి ముందు సీటులోకి తొంగిచూశాడు.

"సావుకారు రానేదేటి బాబూ?"

"పోయాడు తాతా."

ముసలాయన భుజానున్న ఆనపబుర్ర దించి, మూత తీసి, ముందు సీటు పక్కగా నేల మీద కొంచెం జీలుగు కల్లు ఒంపాడు. కొండవాళ్ళు చచ్చిపోయిన తమవాళ్ళకి అలాగే పోస్తారు. కల్లు వాసనకే ముక్కు మూసుకునేవాడు మా సావుకారు. ఆ తడి ఎర్రమట్టిలో చిన్న పాయగా సాగి, పల్లం వైపు మెల్లగా జారుతుంటే ఇంజను ఆపేసి చూస్తూ కూర్చున్నాను.