తిన్నారని రాశాను

ఇవాళ పొద్దున ఒక పెద్దావిడ టిఫిన్ తిన్నారని, చూడకుండా రాశాను. ఆ మాట నమ్మి నర్సు ఆవిడకి ఇన్సులిన్ ఇచ్చింది.

విజయవాడలో మాది చిన్న వృద్ధాశ్రమం. ఉంటున్నవాళ్ళ ఆరోగ్యం షీట్లు రాయడం నా పని. ఎవరు ఎంత తిన్నారు, నడవగలుగుతున్నారా, ఎక్కడైనా నొప్పి ఉందా. మంచం పక్కన కూర్చుని, కంచం చూసి రాయాలి. నేను గుమ్మంలోంచే పలకరించి రాసేస్తాను.

"టిఫిన్ అయిందా అమ్మగారూ?"

"ఆ, అయింది నాయనా. నువ్వు తిన్నావా?"

మా వైపు ఆ ప్రశ్నకి ఎవరైనా అయిందనే అంటారు. ఆకలితో ఉన్నా సరే. నేనూ అంతే అంటాను. తెలిసి కూడా రాశాను.

కాసేపటికి ఆయా పరిగెత్తుకొచ్చింది. పెద్దావిడకి ఒళ్ళంతా చెమటలు, పిలిస్తే పలకడం లేదు. నర్సు షుగర్ చూసింది. బాగా పడిపోయింది. అంబులెన్సులో గ్లూకోజ్ ఎక్కిస్తున్నారు, బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో బండి కదలదు. ఆవిడ చెయ్యి నా చేతిలో చల్లగా ఉంది.

ఆస్పత్రిలో డాక్టరు నా షీటు చూసి, మాతో వచ్చిన మా నర్సు మీద విరుచుకుపడ్డాడు.

"తిన్న మనిషికి షుగర్ ఇంతలా పడిపోతుందా? ఎంత డోసు ఇచ్చావమ్మా?"

"రోజూ ఇచ్చేదే సార్."

ఆ పిల్ల ఏడుస్తోంది. నేను గోడకానుకుని ఊరుకున్నాను. ఎంతసేపో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఈలోగా పెద్దావిడ కూతురు ఫోన్ చేసింది, చల్లపల్లిలో బస్సెక్కానని. అప్పుడు డాక్టరు ముందు నోరు పెగిలింది.

"తిన్నారో లేదో నేను చూడలేదండీ. అడిగి రాసేశాను."

ఆయాకి ఫోన్ చేస్తే, పెసరట్టు కంచంలో అలాగే ఉందంది.

మధ్యాహ్నానికి ఆవిడ కళ్ళు తెరిచారు. కట్టుడుపళ్ళు చిగుళ్ళకి ఒరుసుకుని కొన్నాళ్ళుగా ఏమీ నమల్లేకపోతున్నారట. నా షీట్లో మాత్రం నోట్లో ఇబ్బందేమీ లేదని ఉంది.

"తినలేదని చెప్పచ్చుగా అమ్మగారూ?"

"గుమ్మంలో నిలబడి అడిగేవాడికి ఏం చెబుతాం నాయనా? అయిందంటే నువ్వూ వెళ్ళి తింటావు కదా."

కూతురికి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె నా మొహం చూడలేదు. "మళ్ళీ మీ దగ్గరే ఉంచమంటారా అమ్మని?" అంది. ఏ మొహంతో ఉంచమంటాను?

తిరిగొచ్చి షీట్లో 'తిన్నారు' కొట్టేశాను. పక్కన 'చూడకుండా రాశాను, నర్సు తప్పు లేదు' అని రాసి సంతకం పెట్టి మేనేజరు గారికి ఇచ్చాను. సాయంత్రం భోజనాల వేళ ఒక కుర్చీ లాక్కుని మొదటి మంచం పక్కన కూర్చున్నాను. ఏమీ అడగలేదు. ఆ తాతగారు ఆఖరి ముద్ద మింగేదాకా చూశాను. తర్వాత కుర్చీ రెండో మంచం దగ్గరికి జరుపుకున్నాను.