నేను తుడిచిన గొర్రెపిల్ల

ఉదయగిరి కొండ ఎక్కితేగానీ నాకు కథ రాదని ఆత్మకూరులో పదిమందికీ చెప్పుకుంటూ ఉంటాను. వినేవాళ్ళు కాస్త నోరు తెరిచారంటే కోట బురుజు దాకా ఎక్కేస్తాను. నిజానికి నా మోకాళ్ళు కొండ మొదట్లో ఉన్న బండరాయి దగ్గరే ఆగిపోతాయి.

ఆ రాయి పక్కనే, ఈ చేతులతో ఒక గొర్రెకు కాన్పు చేశానని కూడా చెప్పాను. ఒకసారి కవలలన్నాను. జరిగింది ఇది.

ఆ రోజు పొద్దుటినుంచి నోటుపుస్తకం తెరుచుకుని కూర్చున్నా ఒక్క వాక్యం పడలేదు. గాలి ఉంది, చెట్లున్నాయి, పిట్టలు అరుస్తున్నాయి. కథ మాత్రం లేదు. మధ్యాహ్నం దాటాక, అక్కడ గొర్రెలు మేపుకునే ఒకామె నా దగ్గరికి వచ్చింది.

“పెద్దాయనా, ఊరికే కూర్చోనుండావు గదా. ఆ పొద కాడ గొర్రె ఈనేట్టుండాది. దానికిది తొలి ఈత. మందకు నీళ్ళు తాపించుకోనొస్తా, కుక్కలు రాకుండా చూడు. దగ్గరికి మాత్రం పోమాక.”

“అది నాకు చెప్పాల్నా?” అన్నాను, పుట్టినప్పటినుంచీ గొర్రెలు కాసినవాడిలాగా. మాది మూడు తరాల కిరాణా కొట్టు.

ఆమె అటు వెళ్ళిన కాసేపటికే పిల్ల నేలమీద పడింది. కాన్పంతా తల్లే చేసుకుంది. నేను లేవాల్సిన పనే లేదు. కానీ పిల్ల ఒంటిమీది జిగురు ఎలా మెరుస్తుందో, కళ్ళు తెరిచి పుడుతుందో మూసి పుడుతుందో దగ్గరగా చూస్తేనే కదా రాయగలను! వెళ్ళాను. తల్లి బెదిరి పక్కకు పోయింది. పిల్ల వణుకుతుంటే భుజం మీది తుండుగుడ్డతో శుభ్రంగా తుడిచాను. జాలితో అని ఇన్నాళ్ళూ చెప్పాను. కాదు, తుడిచానని రాసుకోవడానికి.

తల్లి తిరిగొచ్చింది. పిల్లను వాసన చూసి, తలతో ఒక్క కుమ్ము కుమ్మింది. పిల్ల తడబడుతూ లేచి పొదుగు వైపు నడిచింది. మళ్ళీ కుమ్మింది.

ఆమె వచ్చి చూసి, నా భుజం మీది గుడ్డ లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

“ఏందీ కంపు?”

“మోకాళ్ళకు రాసుకునే మందమ్మా. ఆ గుడ్డతోనే తుడుచుకుంటా...”

“నీ మోకాళ్ళు మండ! తల్లి నాకాల్సిన పిల్లకు మందు పూసినావా? పాలు తాగకపోతే ఇది పొద్దుగూకేలోగా చస్తాది.”

తల్లిని ఒడిసిపట్టి, ముర్రుపాలు పిండి, మందు కంపు పోయేలా పిల్ల ఒళ్ళంతా రుద్దింది. గొర్రె నా వైపే చూస్తూ కాలు నేలకేసి కొట్టింది.

“ఆ రాయెనక్కి పో. నీ వాసన తగిలితే అది దగ్గరికి రాదు. తిరిగి చూడమాక.”

రాయికి ఆనుకుని, వీపు అటుపెట్టి కూర్చున్నాను. ఒళ్ళో నోటుపుస్తకం ఉంది. దాన్ని చూడబుద్ధి కాలేదు. పిల్ల అరుపు వినిపిస్తూనే ఉంది. పోనుపోను సన్నబడింది. తర్వాత ఆగిపోయింది.

ఆగిందంటే పాలు అందినట్టా, ప్రాణం పోయినట్టా?

“ఏమైందమ్మా?”

“అరవమాక!”

చాలాసేపు ఏ సవ్వడీ లేదు.

“తోక ఊపతా ఉండాది,” అంది చివరికి, మెల్లగా. “తాగతా ఉండాదిలే. నేను చెప్పేదాకా నువ్వు లెయ్యమాక.”

లెమ్మని చెప్పడం మరిచిపోయిందో, కావాలనే చెప్పలేదో. మంద మెడగంటలు దూరమై, వినపడకుండా పోయేదాకా నేను తల తిప్పలేదు.