కోళ్ల కడుపుల నా ఫిజిక్సు

నేను పందొమ్మిది కోళ్లను చంపిన. కత్తి పట్టలే, రాయి విసరలే. ఎమ్మెస్సీ ఫిజిక్సు తెలివితోని చంపిన. ఎట్లనో చెప్త, మీరు కడుపు పట్టుకొని నవ్వుండ్రి, నాకేం బాధ లేదు. కాని ఆ కోళ్లు నన్ను చూసిన చూపు యాదికొస్తే నాకు మాత్రం నవ్వు రాదు.

అరవైల చివర్ల ముచ్చట. యూనివర్సిటీల చదువుకుంట, తార్నాకల నర్సమ్మ పెద్దమ్మ ఇంట్ల ఒక అర్ర కిరాయికి తీసుకున్న. ఆమెకు పెనిమిటి లేడు, పిల్లలు లేరు. ఉన్నదల్లా పెరట్ల రేకుల షెడ్డు, అండ్ల ముప్పై తెల్లకోళ్లు. ఆ గుడ్లు హాస్టల్ మెస్సుకు పోతేనే ఆమె పొయ్యి వెలుగుడు.

ఒకనాడు అడిగింది: "బిడ్డా, కోళ్లు షెడ్డుల్నే ఉండబట్టి వాటికి రాళ్లు దొరుకుతలేవు. కోడికి నోట్ల పండ్లు ఉండయి గదా, కందనకాయల రాళ్లుంటేనే గింజ అరుగుతది. హబ్సిగూడ దిక్కు పోయినప్పుడు సంచెడు సన్నరాళ్లు పట్టుకరా."

సంచెడు రాళ్లు సైకిలు మీద మోసుడా? నేనా? ఆ వారమే మా ల్యాబుల, వేడి కొలిచే ప్రయోగానికి వాడే సీసపు గుండ్లు పాతవైనయని చెత్తడబ్బాల పడేసిన్రు. మిరియాలంత సైజు, నున్నగ, మిలమిల మెరుస్తున్నయి. జేబుల నిండ నింపుకొచ్చి షెడ్డుల చల్లిన.

"ఇవేం రాళ్లు?"

"రాళ్లు కావు పెద్దమ్మా, సీసం. రాయి కన్న నాలుగంతల బరువు. బరువెక్కువైతే నూరుడెక్కువ. నూరుడెక్కువైతే గుడ్లెక్కువ."

"నిజమేనా?"

"సైన్సు."

ఆమె నమ్మింది. చదువుకున్నోడంటే ఆమెకు గంత నమ్మకం. నా సిగ్గంతా ఆ నమ్మకం గురించే.

అయిదో నాడు మిట్టమధ్యాహ్నం వచ్చి గేటు తీసిన. రోజూ ఆ గేటు కిర్రుమంటే ముప్పై కోళ్లు గోల పెట్టేటియి. ఆనాడు చప్పుడు లేదు. ఎవడో దొంగిలించిండు అనుకొని షెడ్డుల తొంగి చూసిన. అన్నీ ఉన్నయి. నిలబడి ఉన్నయి. రెక్కలు భూమికి జారి ఈడుస్తున్నయి. ముప్పై మెడలు ఒక్కసారే నా దిక్కు తిరిగినయి. పుంజు మెడ చాపి నోరు తెరిచింది, గొంతు రాలే. పట్టపగలు, గంత ఎండల నా చేతుల మీద వెంట్రుకలు లేచినయి.

పక్కింటి యాదమ్మ గోడ మీదికెళ్లి తొంగి చూసి, "గాలి సోకింది. నిమ్మకాయలు కట్టుండ్రి," అన్నది.

మూఢనమ్మకాల మీద ఆమెకు పావుగంట ఉపన్యాసం ఇచ్చిన. ఆమె లోపలికి పోయినంక రెండు నిమ్మకాయలు కట్టిన. మీరైతే నాలుగు కడ్తురు, ఊకోండ్రి.

తెల్లారి రెండు కోళ్లు చచ్చినయి. పెద్దమ్మ ఇంకో కోడిని ఎత్తి దాని పొట్ట నా చెవికి ఆనించింది. "విను. లోపల ఎవరో పండ్లు నూరుతున్నరు."

విన్న. కిర్ర్. ఆగింది. మళ్ల కిర్ర్. అయినా తెలివి నన్ను ఇడిసిపెడ్తదా?

"నూరుడు చాలుతలేదు పెద్దమ్మా," అని ఇంకో గుప్పెడు చల్లిన.

ఆ తర్వాత చప్పుడు లేకుండ ఒక్కొక్కటి ఒరిగినయి. నేను కిటికీ దగ్గర చదువుకుంటుంటే మిగిలినయి జాలీ దగ్గరికొచ్చి నన్నే చూసేటియి. కిటికీ మూసి, చెమటల తడుసుకుంట చదివిన. పెద్దమ్మ ఖాళీ గుడ్ల బుట్ట ఒళ్లె పెట్టుకొని గడపల కూర్చునేది.

పందొమ్మిదోది చచ్చిననాడు దాన్ని గంపల పెట్టుకొని లాలాపేట్ల పశువుల డాక్టరు దగ్గరికి నడిచింది. ఎనకాల నేను. డాక్టరు కందనకాయ కోసి పళ్లెంల బోర్లించిండు. టంగ్, టంగ్, టంగ్.

"ఈక చెదరకుండ కోడిని తుపాకితోని కాల్చినోడు ఎవడయ్యా?"

"కాల్చలే సారూ. తినిపించిన."

డాక్టరు కత్తి కింద పెట్టిండు. "లోపల నూరుకుంటే సీసం నెత్తుర్ల కలుస్తది, అది విషం. చచ్చినవాటిని లోతుకు పాతిపెట్టుండ్రి, కుక్కలకు వేయొద్దు. షెడ్డుల మన్నంత గీకి తీయాలె. నేను చెప్పేదాంక గుడ్లు అమ్మొద్దు." తలెత్తి చూసిండు. "ఈ మధ్య పెట్టిన గుడ్లు ఎవరు తిన్నరు?"

పెద్దమ్మ మొకం తెల్లబడ్డది. "రెండోనాటికే గుడ్లు బందైనయి సారూ, మెస్సుకు పంపనే లేదు. అటెన్క అడపాదడపా వచ్చిన నాలుగు ఈ పిల్లగానికే ఉడకబెట్టిన. పరీక్షలున్నయని."

డాక్టరు నా దిక్కు తిరిగిండు. కుక్కలను పండబెట్టే బల్ల మీద నన్ను కూర్చోబెట్టిండు. చేతులు చాపమన్నడు, నోరు తెరవమన్నడు, చిగుళ్లు చూసిండు. అప్పుడే నా కడుపుల కిర్రుమన్నది. ఒట్టు, నేను విన్న.

పెద్దమ్మ డాక్టరు చెయ్యి పట్టుకున్నది. "కోళ్లు పోతే పోయినయి సారూ. ఈ పిల్లగాడు బతుకుతడా?"

నేను బల్ల మీదనే ఏడ్చిన.

"నాలుగు గుడ్లకు ఏం కాదమ్మా," అన్నడు డాక్టరు. "ఈయన బతుకుతడు. ఈయన పక్కన ఉండేటోళ్ల సంగతే నేను చెప్పలేను."

నాలుగు దినాలు మోకాళ్ల మీద పాక్కుంట గుండ్లు ఏరిన, మన్ను గీకిన. పదకొండు కోళ్లు బతికినయి. మళ్ల గుడ్లు అమ్మేదాంక పెద్దమ్మ బియ్యం నేనే తెచ్చిన.

కాబట్టి ఆనాడు చేసిన ప్రమాణమే మీ అందరి సాక్షిగ మళ్ల చేస్తున్న: ప్రాణమున్న దేని కడుపులకూ నా తెలివి పోనియ్య. కూరల ఉప్పు సరిపోయిందా అని అడిగినా నోరు తెరవ, వంటింటి గడప తొక్క. యాభై ఏండ్ల సంది ఈ మాట మీదనే నిలబడ్డ. మా ఇంటామె మాత్రం ఇదంతా పని తప్పించుకునే ఉపాయమంటది.