ఎత్తుగడ్డ మీద ఆగిన ఇంజను సైకిలు

కరోనా లాక్‌డౌన్లు ముగిసిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను నారాయణఖేడ్‌కు బదిలీ చేశారు. ద్విచక్ర వాహనాల మరమ్మతు నేర్పే ప్రభుత్వ శిక్షణ సంస్థలో డిప్యూటీ ట్రైనింగ్ ఆఫీసరుగా అదే నా చివరి పోస్టింగు. పేరులో ఆఫీసరు ఉన్నా ఈ ఉద్యోగం కుర్చీలో చేసేది కాదు. వర్క్‌షాపులో నిలబడాలి, విప్పాలి, బిగించాలి, ఎదుటివాళ్ల చేత విప్పించి బిగింపించాలి. బయటివాళ్ల బండ్లు కూడా శిక్షణ కోసం తీసుకోవచ్చని మాకు అనుమతి ఉండేది. అలా మా దగ్గరికి ట్రాక్టరు తప్ప అన్నీ వచ్చేవి.

ఆ దసరా దాటిన కొన్ని వారాలకు సంగప్ప అనే వ్యాపారి తన ఇంజను సైకిలు తోసుకుంటూ వచ్చాడు. కన్నడం మాట్లాడే కుటుంబం. కల్హేర్, కంగ్టి వైపు వారపు అంగళ్లలో దుప్పట్లు, తువ్వాళ్లు అమ్ముతాడు. చిన్నప్పుడే పోలియోతో ఎడమకాలు సన్నబడింది. మూట వేసుకుని పెడలు తొక్కలేడు కనుక మామూలు సైకిలు ఫ్రేములో చిన్న టూ స్ట్రోకు ఇంజను పెట్టించుకున్నాడు.

ఈ ఇంజన్ల గురించి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. పిస్టను ఒకసారి పైకి, ఒకసారి కిందికి కదిలితే దాని పని ఒక చుట్టు పూర్తవుతుంది. విడిగా నూనె గది ఉండదు, పెట్రోలులోనే నూనె కలిపి పోయాలి. ఎక్కువైతే ప్లగ్గు మసిబారుతుంది, తక్కువైతే పిస్టను పట్టేస్తుంది. పెట్రోలును తోసే పంపు కూడా ఉండదు. ట్యాంకు పైన ఉంటుంది, కార్బురేటరు కింద ఉంటుంది, పెట్రోలు తన బరువుతో తానే దిగుతుంది. ఇంత సాదా యంత్రం మరొకటి లేదు. అందుకే దాని జబ్బులు కూడా సాదాగానే ఉంటాయి.

ఏమైందని అడిగితే సంగప్ప ఇటూ అటూ చూసి చెప్పాడు.

"పోయేటప్పుడు ఆగుతది సార్. వచ్చేటప్పుడు ఆగదు. మా ఊరు దాటినంక గా ఎత్తుగడ్డ మీద, ఒక్క కాడనే."

ప్లగ్గు విప్పించాను. నల్లగా, తడిగా ఉంది. ఇంజను చల్లగా ఉండాలని అతను నూనె ధారాళంగా పోస్తున్నాడు. ప్లగ్గు మార్చాం, నూనె కొలత నేర్పాం, సైలెన్సరులో పేరుకున్న మసి గీకాం, కార్బురేటరు కడిగాం. వర్క్‌షాపులో పద్ధతి ప్రకారం ట్యాంకు పక్కనపెట్టి, అడుగు కోసి తలకిందులుగా వేలాడదీసిన సీసాలోంచి పెట్రోలు ఇచ్చి ఇంజను నడిపించాం. ఎంతసేపు నడిపినా ఆగలేదు. తీసుకుపొమ్మన్నాను.

మరుసటి అంగడి రోజున బండి అదే గడ్డ మీద ఆగింది. సంగప్ప మళ్లీ వచ్చి ఈసారి మొత్తం చెప్పాడు.

గడ్డ పైన బాలమణి అనే ఆవిడ చాయ్ హోటల్ ఉంది. హోటల్ అంటే నాలుగు గుంజలు, ఒక రేకు, ఒక పొయ్యి. భర్త పోయిన మనిషి, యాభై దాటి ఉంటాయి. బండి ఎప్పుడూ సరిగ్గా ఆమె పొయ్యి ఎదుట ఆగుతోంది. నిమ్మకాయ తిప్పి పారేసి కాసేపు కూర్చుంటే మళ్లీ స్టార్టవుతోంది. పోయేటప్పుడు మూట నిండుగా ఉంటుంది కనుక ఆమె కన్ను పడుతోందని, వచ్చేటప్పుడు మూట ఖాళీ కనుక పడడం లేదని ఊళ్లో తేల్చారు. ఆ నెలలోనే ఎవరిదో బర్రె చచ్చింది, ఎవరికో జ్వరం తగ్గలేదు. అవన్నీ ఈ సైకిలు వెంట వరుస కట్టాయి. చివరికి బాణామతి అన్నారు.

ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వయసులో ఉన్నప్పుడు మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా ఊరూరా వేదికలెక్కి వాదించినవాణ్ణి. బాణామతి అంటే చేతబడి చేస్తున్నారన్న నింద. ఆ నింద ఎప్పుడు చూసినా ఒంటరి ఆడదాని మీదో, పేదవాడి మీదో పడుతుంది తప్ప వంద ఎకరాల ఆసామి మీద పడగా నేను చూడలేదు. మంత్రానికి ఇంత లోకజ్ఞానం ఎక్కడినుంచి వచ్చిందని ప్రతి వేదిక మీదా అడిగేవాణ్ణి.

"అమాస తెల్లారికి పంచాయితీ పెట్టిండ్రు సార్," అన్నాడు సంగప్ప. "వీరారెడ్డి పటేలు పెద్దమనిషి. ఒప్పుకోకుంటే నోట్లె పండ్లు రాలగొడ్తమంటుండ్రు. పండ్లు లేకుంటే మంత్రం పలకదంట. నా బండితోని ఆమెకు గిట్లయితుంది. ఏన్ మాడ్లి సార్, ఏం చెయ్యాలె నేను?"

ఆ సాయంత్రమే బాలమణిని చూడ్డానికి వెళ్లాను. పొయ్యి ఆరిపోయి ఉంది. ఆమె దగ్గర చాయ్ తాగడం జనం ఎప్పుడో మానేశారు. పోలీసులకు ఫిర్యాదు చేద్దాం, నేను వెంట వస్తాను అన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"పోలీసులు ఒక్కనాడు ఉంటరు సార్. నేను రోజూ ఉండాలె ఈడ. నాకు మంత్రం రాదని మీరు చెప్పుడు కాదు, వాళ్లకు ఎరుకగావాలె."

మర్నాడు సంగప్పను మూటతో సహా బయలుదేరమని నేను స్కూటరు మీద వెనకాలే వెళ్లాను. బల్లపరుపు దారిలో బండి హాయిగా నడిచింది. గడ్డ మొదలయ్యాక చప్పుడు మారింది. పైకి వచ్చేసరికి దగ్గి, ఊగి, బాలమణి పొయ్యి ఎదుట నిలిచిపోయింది. ఆమె గబుక్కున లోపలికి వెళ్లిపోయింది, తన చూపు పడకూడదని.

సంగప్ప నిమ్మకాయ తీశాడు. ఉండమన్నాను. ఇంజను ఆగినప్పుడు ఆగినచోటే చూడాలి. చల్లారనిస్తే సాక్ష్యం పోతుంది. కార్బురేటరు దగ్గర పెట్రోలు పైపు ఊడదీశాను. ట్యాంకు నిండా పెట్రోలు ఉంది, ట్యాప్ తెరిచే ఉంది, పైపులోంచి నాలుగు చుక్కలు పడి ధార ఆగిపోయింది. ట్యాంకు మూత తిప్పాను. బుస్సుమని గాలి లోపలికి పోయింది. వెంటనే పైపులోంచి పెట్రోలు నా చెప్పుల మీద ధారగా పడింది.

మూత చేతిలోకి తీసుకుని చూశాను. పైన అరంగుళం మందాన పసుపు, కుంకుమ. ఆ మూతకు మధ్యలో గుండుసూదంత రంధ్రం ఉంటుంది. పెట్రోలు కిందికి దిగుతుంటే ఆ ఖాళీలోకి గాలి రావడానికి పెట్టిన దారి అది. గాలి రాకపోతే పెట్రోలు దిగదు. నిండు బిందెను బోర్లించినప్పుడు నీళ్లు గుడగుడమని ఆగి ఆగి ఎందుకు వస్తాయో ఇదీ అందుకే. దసరా రోజు ఆయుధపూజలో మూత మీద బొట్టు పెట్టారు. బండి ఆగడం మొదలయ్యాక దిష్టి పోవాలని ఆముదంలో కలిపి మళ్లీ పూశారు. ఆగినకొద్దీ పూశారు, పూసినకొద్దీ ఆగింది.

రంధ్రం పూర్తిగా మూసుకుపోలేదు, సన్నగా గాలి ఆడుతోంది. చదును దారిలో ఇంజను తక్కువ తాగుతుంది, ఆ గాలి సరిపోతుంది. మూట బరువుతో గడ్డ ఎక్కేటప్పుడు ఎక్కువ తాగుతుంది, చాలదు. తిరుగుప్రయాణంలో మూట ఖాళీ, దారి దిగుడు. కాసేపు ఆగితే గాలి మెల్లగా చేరి మళ్లీ స్టార్టవుతుంది. నిమ్మకాయ చేసిన పని ఏమైనా ఉంటే ఆ కాసేపు కూర్చోబెట్టడమే. మా వర్క్‌షాపులో ఈ రోగం కనబడకపోవడానికి కారణం కూడా తెలిసింది. అక్కడ ట్యాంకే లేదు, మూతా లేదు.

సంగప్ప అక్కడే మూత తుడవబోయాడు. నేను వద్దన్నాను. తుడిచేస్తే బండి బాగవుతుంది, బాలమణి సంగతి అలాగే ఉంటుంది. బాణామతి ఆమే తీసేసుకుందని అంటారు.

పంచాయితీ రోజున బడి ముందర జనం బాగానే చేరారు. నేను చెప్పింది వీరారెడ్డి ఓపిగ్గానే విన్నాడు. మొరటు మనిషే గాని మూర్ఖుడు కాదు.

"సైకిల్ సంగతి నీకెరుక సార్, మంత్రం సంగతి మాకెరుక," అన్నాడు.

ఇద్దరికీ తెలియని సంగతి బండినే అడుగుదాం అన్నాను. మొదట మూత వదులుగా పెట్టి, అదే మూటతో గడ్డ ఎక్కించాం. బాలమణిని హోటల్ ముందర నిలబెట్టి రెప్ప వేయకుండా చూడమన్నాను. సంగప్ప ఆమెను దాటి ఆగకుండా వెళ్లిపోయాడు.

"ఇయ్యాల మంత్రం ఎయ్యలేదు, భయపడ్డది," అని ఎవరో అన్నారు. "భయపడక? అందరొచ్చి మీద నిలబడితిరి!" అంది బాలమణి.

ఆ వాదన వస్తుందని నాకు తెలుసు. రుజువుకు రెండో సగం కావాలి. ఆమె లేనిచోట కూడా బండి ఆగాలి. ఆమెను ఆడవాళ్ల మధ్య అక్కడే ఉంచి, మరో గడ్డ ఏదైనా మీరే చెప్పమని వీరారెడ్డిని అడిగాను.

"మా గేటు కాడికి తోలుండ్రి," అన్నాడు. "గుమ్మడికాయ కట్టిచ్చిన. ఏ మంత్రమూ పారదు ఆడ."

ఊరికి అటువైపు అతని ఇల్లు చిన్న గడ్డ మీదే ఉంది. మూత బిగించాం. బండి బయలుదేరింది, జనం వెనక నడిచారు. ఆ గడ్డ పొట్టిదని వెళ్లాక గాని నాకు తెలియలేదు. ఆగకుండా ఎక్కేస్తే నా దగ్గర మరో మాట లేదు. సర్వీసంతా ఇంజన్లు నడవాలని కోరుకున్నవాణ్ణి, ఆ ఒక్కసారి ఆగాలని కోరుకున్నాను. సగం దూరం బాగానే ఎక్కింది. సంగప్ప మెడ తిప్పి నావైపు చూశాడు. తర్వాత చప్పుడు మారింది. దగ్గింది, ఊగింది. వీరారెడ్డి గేటుకు కట్టిన గుమ్మడికాయ కింద నిలిచిపోయింది.

నేను మూత ముట్టుకోకుండా వీరారెడ్డిని తిప్పమన్నాను. అతను వంగి తిప్పాడు. బుస్సుమంది. చెయ్యి వెనక్కి లాక్కుని, మళ్లీ బిగించి, మళ్లీ తిప్పాడు. సంగప్ప స్టార్టు చేశాడు.

"గింతేనా?" అన్నాడు వీరారెడ్డి.

"గింతే," అన్నాను.

వెనక్కి వచ్చేలోపే కబురు హోటల్‌కు చేరింది. బాలమణి చేతులు నడుముకు పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏం పటేలా, బండి మీ గేటు కాడ ఆగిందంట! మీ ఇంట్ల మంత్రం ఎవరికొస్తది? పండ్లు ఎవరియి రాలగొడుదాం?"

ముందు ఆడవాళ్లు నవ్వారు. వాళ్లను చూసి మగవాళ్లు నవ్వారు. వీరారెడ్డి "నోరు ఊకుంటదా నీకు?" అని గద్దించబోయి తనూ నవ్వేశాడు.

"చాయ్ పెట్టనా, పోతరా?" అంది ఆమె.

"పెట్టు. నాకు చక్కెర జర తక్కువెయ్యి," అని అతను బల్ల మీద కూర్చున్నాడు. అతను కూర్చున్నాడు కనుక మిగతావాళ్లూ కూర్చున్నారు. పొయ్యి అంటుకుంది. అన్ని రోజుల తర్వాత నాకు ఊపిరి ఆడినట్టయింది. ఆమెకు క్షమాపణ మాత్రం ఎవరూ చెప్పలేదు.

సంగప్ప బండికి వర్క్‌షాపులో కొన్ని మార్పులు చేశాం. వెనక చక్రానికి పెద్ద పళ్లచక్రం వేశాం. వేగం కొంత తగ్గింది, గడ్డ ఎక్కడం సులువైంది. మూత మీది రంధ్రానికి బదులు పక్కనుంచి సన్నటి గాలిగొట్టం పెట్టాం. బొట్టు ఎక్కడ పెట్టుకోవాలని అతను అడిగాడు. దేవుడి సంగతి తర్వాత వాదించుకుందాం, ప్రస్తుతానికి హ్యాండిల్ మీద పెట్టుకో, గాలి దారి మాత్రం మూయకు అన్నాను.

ఈ పని నాకు నేర్పింది ఇది. యంత్రం చెడిన చోట ఎవరు ఉన్నారని చూసేవాడికి ఎప్పుడూ ఒక మనిషి దొరుకుతుంది. ఏ పరిస్థితిలో చెడదో వెతికితేనే కారణం దొరుకుతుంది. ఇంకొకటి. కారణం నాకు తెలిసినంత మాత్రాన నింద పోదు. నింద వేసినవాడి చేతనే మూత తిప్పించాలి. వేదికల మీద ఏళ్ల తరబడి వాదించినా ఈ రెండో సంగతి నాకు రిటైరయ్యే ముందుగాని తెలియలేదు.