మందు అననివ్వని సారు

మాకు అంతర్జాతీయ న్యాయం చెప్పిన సారు పలమనేరులో పోయారని ఫోను వచ్చినప్పుడు నేను చిత్తూరు కోర్టు వరండాలో ఉన్నాను. చేతిలో ఉన్న కేసుకు వాయిదా అడిగి బస్సెక్కాను. దారి పొడవునా టమాటా తోటల్లో కొట్టిన మందు వాసన. మందు అన్నానా? ఆయన ఉంటే ఊరుకునేవారు కాదు.

తిరుపతిలో లా చదివే రోజుల్లో ఒకసారి వియత్నాం యుద్ధం గురించి అడిగారు. అమెరికా విమానాలు అడవుల మీద కలుపు మందు చల్లాయని నేను మొదలుపెట్టాను. "ఏం మందప్పా అది? ఎవురికి నయమైంది?" అన్నారు సారు. క్లాసంతా నవ్వింది, ఆయన నవ్వలేదు. దానివల్ల జబ్బుపడినవాళ్ళు, అవిటి బిడ్డలను కన్నవాళ్ళు, దాన్ని తయారుచేసిన కంపెనీల మీద అమెరికా కోర్టుకే వెళ్ళారని చెప్పారు. కలుపును చంపడానికి చేసినదాన్ని, యుద్ధంలో నిషేధించిన విషం కింద ఆనాటి అంతర్జాతీయ న్యాయం లెక్కగట్టలేదంటూ కోర్టు కేసు కొట్టేసింది. అంతమంది, విషమా కాదా అన్న ఒక్క మాట దగ్గర ఓడిపోయారు. అందుకే తన క్లాసులో మందు అననిచ్చేవారు కాదు.

ఆయన మెత్తని మనిషని రేపెవరైనా రాస్తే నమ్మకండి. కంపెనీల ఊసెత్తితే ఒంటికి కారం రాసుకున్నట్టు ఉండేవారు. నాజీ శిబిరాలకు విషవాయువు అమ్మినవాళ్ళను ఉరి తీశారు గానీ, కంపెనీని బోనెక్కించే అంతర్జాతీయ కోర్టు ఈనాటికీ లేదని చెబుతుంటే చేతిలో సుద్దముక్క విరిగేది. "దేశం చేస్తే నేరమంట, మనిషి చేస్తే నేరమంట. కంపెనీ చేస్తే మాత్రం యాపారమంట" అనేవారు. ఆ కోపం నాకూ అంటింది. ఆయన నాకిచ్చినవాటిలో ఇంతకాలం పనికొచ్చింది అదే.

రిటైరయ్యాక సొంతూరు పోయి టమాటా పెట్టారు. పురుగు పడితే ఆయనా కొట్టక తప్పలేదు. సిగ్గుపడుతూనే, స్ప్రేయరు డబ్బా మీద తెల్ల పెయింటుతో 'విషం' అని పెద్దగా రాసుకున్నారు.

దినాల నాడు మా క్లాసువాడొకడు కారులో దిగాడు. ఎక్కడో యుద్ధానికి రసాయనాలు పంపిందని కేసులో ఇరుక్కున్న ఒక కంపెనీకి ఇప్పుడు లాయరు. సారు పేరిట ఏటా స్మారకోపన్యాసం పెట్టిస్తామని, ఖర్చంతా కంపెనీదేనని, ఆహ్వానం మీద రెండు పేర్లూ పక్కపక్కనే ఉంటాయని అన్నాడు. చుట్టాలు మంచిదేగా అన్నట్టు తలలూపారు. నాకు వాడి చొక్కా పట్టుకోవాలనిపించింది. సారు ఎవరిని బోనులో నిలబెట్టాలని చూశారో, వాళ్ళే ఇప్పుడు ఆయన పక్కన కుర్చీ వేసుకుంటారన్నమాట.

వాడు అక్కడితో ఆగలేదు. రైతులను బతికిస్తున్న మందులు తమవేనని సారు భార్యకు నచ్చజెప్పబోయాడు. మేమంతా అమ్మా అని పిలిచే ఆవిడ అంతవరకూ తలెత్తలేదు.

"ఏం మందప్పా అవి?" అన్నారు నెమ్మదిగా. "ఎవురికి నయమైంది?"

వాడికి ఆ క్లాసు గుర్తొచ్చినట్టుంది. ఉపన్యాసం మాట మళ్ళీ ఎత్తకుండా లేచి చెప్పులు వెతుక్కున్నాడు. కారు తిప్పుకోవాలంటే షెడ్డు ముందుకు పోవాలి. అక్కడ గోడకు సారు డబ్బా వేలాడుతోంది, తెల్ల పెయింటు ఇంకా మాయలేదు.