రాడ్నీ తీసేసిన గోడ

శనివారం మధ్యాహ్నం మూడు దాటింది. శ్రవణ్ ఫ్లాట్‌లో ఫోను మోగితే అతని భార్య మృదుల ఎత్తి, రెండు మాటలు విని, రిసీవర్ రాడ్నీ చేతికిచ్చింది. "అంకుల్, మీ అమ్మాయి. భయపడుతోంది" అంది.

రాడ్నీ కూతురు రొక్సేన్ నర్సు. మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు కారులో వెళ్లి కట్లు మార్చి వస్తుంది. అందుకే పనిచేసేచోట ఆమెకొక సెల్‌ఫోను ఇచ్చారు. ఓవర్‌పోర్ట్ షాపుల దగ్గర రోబో ఎర్రగా ఉంటే ఆగిందట. డర్బన్‌లో ట్రాఫిక్ లైటును అందరూ రోబో అనే అంటారు. వెనక తెల్ల కారు, లోపల ముగ్గురు మగవాళ్లు. అంతకు ముందు రోబో దగ్గరా వాళ్లే ఉన్నారు. ఆమె కుడికి తిరిగితే వాళ్లూ తిరిగారు, ఊరికే బ్లాకు చుట్టి వస్తే వాళ్లూ చుట్టి వచ్చారు. 1998లో ఆ ఊళ్లో దానికి అర్థం ఎవరూ ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. తాళంచెవి చేతికిచ్చినా కాల్చి పోయారన్న కబురు ప్రతి వీధిలోనూ ఒకటి ఉండేది.

"పోలీసులకైతే ఎక్కడున్నానో వివరంగా చెప్పాలి. నీకు చెప్పక్కర్లేదు కదా నైనా" అంది రొక్సేన్. "దారి చెప్పు."

ఆ నమ్మకానికి కారణం ఉంది. అది చెప్పకపోతే తరవాత జరిగిన తప్పు ఎవరిదో తెలియదు కాబట్టి, ఆ పిల్లను రోబో దగ్గర ఒక్క నిమిషం నిలబెట్టక తప్పదు.

రాడ్నీ సూబ్రాయన్ మౌంట్ ఎడ్జ్‌కోంబ్ చక్కెర మిల్లు కూలీల బ్యారక్స్‌లో పుట్టాడు. వాళ్ల అవ్వ రాముడికి దీపం పెట్టేది. నాన్న ఒక డేరా కూటంలో చేతులెత్తి ఏడ్చి బాప్తిస్మం తీసుకున్నాడు. అలా పిల్లలందరికీ రాడ్నీలూ డోరీన్‌లూ వచ్చాయి. అవ్వ తెలుగులో అతనికి మిగిలింది కూరల పేర్లు, వరసలు, తిట్లు. తక్కినదంతా ఇంగ్లిషే. బడి అయ్యాక ఒక సర్వే కంపెనీలో పటాలు గీసే పనిలో చేరి ముప్పై ఏళ్లు అదే చేశాడు. విమానం నుంచి తీసిన ఫొటోలను గాజుబల్ల మీద పరిచి, కింద దీపం వెలిగించి, పైన పారదర్శక కాగితం పెట్టి వీధి వీధీ సిరాతో దింపేవాడు. ఊరిని నేల మీద నిలబడి చూసినదానికంటే మీది నుంచి చూసిందే ఎక్కువ. ఏ సందు ఏ రోడ్డులో కలుస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. ఆ సంగతి పెళ్లిళ్లలో గొప్పగా చెప్పుకునేవాడు కూడాను, వినేవాళ్లు లేచి వెళ్లిపోయేదాకా.

కంప్యూటర్లు వచ్చి గాజుబల్లలను సాగనంపాయి. వాటితోపాటు రాడ్నీనీ. ఏభై ఏళ్ల వయసులో, మౌస్ పట్టుకోవడం నేర్చుకుందామని సాయంకాలం క్లాసుకు వెళ్తే, పాఠం చెప్పేది వరంగల్ నుంచి రెండేళ్ల కిందట వచ్చిన శ్రవణ్. పగలు ఇన్సూరెన్సు ఆఫీసులో ప్రోగ్రాములు రాసేవాడు, సాయంత్రం పాఠాలు. ఇతనికి ఊరు తెలుసు, అతనికి యంత్రం తెలుసు. ఇద్దరూ కలిసి ఒక ఆట మొదలుపెట్టారు.

దొంగల ఆట. ఊరంతా మీది నుంచి కనిపిస్తుంది. ఏ కారైనా ఎత్తుకుపోవచ్చు, ఎవరినైనా కాల్చవచ్చు, ఎటైనా పోవచ్చు. ప్రపంచమంతా లోతూ ఎత్తూ ఉన్న కొత్త రకం ఆటల వెంట పడుతుంటే, వీళ్లు పదిహేనేళ్ల కిందట టీ రూమ్ కొట్టు మూలలో నాణెం వేసి జనం ఆడిన మెషీన్ల మాదిరే కావాలనుకున్నారు. అవే ముతక రంగులు, అవే కీచు శబ్దాలు. రాడ్నీకి అలాగే ఇష్టం, శ్రవణ్ కంప్యూటర్‌కు అంతకంటే చాతకాదు. మనుషుల్ని చంపే ఆట అని చెబితే రాడ్నీ భార్య మోరీన్ ఆ మౌస్‌ను ఉప్పునీళ్లలో నానబెడుతుంది కాబట్టి, ట్రాఫిక్ రూల్స్ నేర్పే ఆట అని చెప్పాడు. రెండేళ్లుగా ఆదివారం ఆదివారం చర్చిలో కానుకల సంచి పట్టుకుని తిరిగే మనిషి ఆ అబద్ధాన్ని లోపల పెట్టుకునే తిరిగాడు.

సోమవారం దాన్ని జోహనెస్‌బర్గ్ కంపెనీకి పంపాలి. అందుకే ఆ శనివారం పొద్దుట్నుంచీ కూర్చుని బాగోగులు రాసుకుంటున్నారు. బాగులు చాలా ఉన్నాయి. ఊరంతా తెరిచే ఉంటుంది, ఎవరూ ఇటు పో అని తరమరు. ఏ కారు నడక దానిదే, లారీ తిరగడానికి ఒళ్లు బరువు, చిన్న కారు వాన పడితే జారుతుంది. ఒక దొంగిలించిన వ్యాను ఎక్కితే రేడియోలో భక్తి పాటలొస్తాయి, అది రాడ్నీ చిలిపితనం. లోపాలకూ కొదవలేదు. తుపాకి గురి కుదరదు. కారు జోరుగా పోతుంటే ముందేముందో తెర చాలక కనబడదు. పోలీసులు తెర దాటగానే నిన్ను మరిచిపోతారు. మనుషులంటే నడినెత్తీ రెండు భుజాలే, ఢీకొడితే కీచుమని మాయమవుతారు. వెయ్యి ఇళ్లున్నాయి గాని అన్నీ పైకప్పులే, దేనికీ తలుపు లేదు. ఆ చివరిది మృదుల చెప్పింది. ఇద్దరూ నవ్వి, లోపాల కింద కాకుండా తరవాత చూద్దాం కింద రాసుకున్నారు.

ఫోను వచ్చేసరికి ఆట తెర మీద నడుస్తూనే ఉంది.

"ఓవర్‌పోర్ట్ రోబో" అన్నాడు రాడ్నీ శ్రవణ్‌తో. శ్రవణ్‌కు ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. తెర మీది కారును ఆ రోబో దగ్గరికే తెచ్చి ఆపాడు. మృదుల పోలీసులకు చెప్పడానికి పక్కింటి ఫోనుకు పరిగెత్తింది.

పోలీసు స్టేషన్ కొండకు అవతలి వాలులో ఉంది. పెద్దరోడ్డున వెళ్తే ఆరు రోబోలు, ఆగిన ప్రతిచోటా వెనకవాళ్లు దిగి రావచ్చు. రాడ్నీ రోబోలు లేని దారి పట్టించాడు. ఎడమ. మళ్లీ ఎడమ. మసీదు వెనక కుడి. ఆమె ఏది దాటిందో చెబుతోంది, శ్రవణ్ తెర మీద దాన్నే దాటుతున్నాడు. ఒకచోట చెత్త బండి అడ్డం ఉందంటే తరవాతి సందు చెప్పాడు, అది ఉన్నచోటే ఉంది. తెల్ల కారు కాస్త వెనకబడిందంది. భయంలోనూ రాడ్నీకి ఒక గర్వం వచ్చింది. అది ఎప్పటికీ క్షమించుకోలేనని తరవాత తనే అన్నాడు.

"ఇప్పుడు కుడిచేతి సందు తీసుకో తల్లీ. దిగుకుంటూ నేరుగా పో. ఆఖరున లోయ, దాటితే స్టేషన్."

తెర మీద శ్రవణ్ కారు ఆ సందులో దిగింది, చివరిదాకా పోయింది, పచ్చటి లోయ దాటింది, స్టేషన్ ముందు ఆగింది. అక్కడి రోబో ఆకుపచ్చగా వెలిగింది.

ఫోనులో బ్రేకు కీచుమంది.

"నైనా, ఇక్కడ గోడ ఉంది."

ఉంది. సిమెంటు దిమ్మలతో కట్టిన, మనిషి కంటే ఎత్తు గోడ. ఆ గోడను రాడ్నీ పదేళ్ల కిందట సిరాతో గీశాడు, ఆటలోనూ మొదట గీశాడు. ఆరు వారాల కిందట శ్రవణ్, "ఛేజ్ ఇట్ల ఆగిపోతే మజా ఏముంటది అంకుల్, తీసేయండి" అన్నాడు. నిజమే కదా అని మౌస్‌తో నాలుగు నొక్కులు నొక్కి తుడిచేశాడు. రోజూ పది గంటలు ఆ తెర చూసి చూసి, తుడిచింది గోడ బొమ్మనే గాని గోడను కాదన్న సంగతి కళ్లకు గుర్తు లేకుండా పోయింది.

"నా సేతులిరిగిపోను" అన్నాడు రాడ్నీ. అది వాళ్ల అవ్వ తిట్టు. అవ్వ పోయాక ఆ ఇంట్లో ఎవరూ అనలేదు.

తెల్ల కారు సందు మొదట్లోకి వచ్చిందని రొక్సేన్ చెప్పింది. శ్రవణ్ తెర వైపు, రాడ్నీ వైపు మార్చి మార్చి చూశాడు. తెరలో వెతికి లాభం లేదు, అక్కడ ఉన్నది ఒట్టి పచ్చరంగు.

రాడ్నీ కళ్లు మూసుకున్నాడు. ప్రార్థన అనుకుంది అప్పుడే తిరిగొచ్చిన మృదుల. ప్రార్థన కాదు, పాత ఫొటోను వెతుక్కుంటున్నాడు. గాజుబల్ల, కింద దీపం. ఆ లోయ ఎన్నడూ ఖాళీగా లేదు. గోడ అవతల రేకులు మెరుస్తుండేవి, ఏటికేడాది ఎక్కువయ్యేవి. కాగితాలు లేని ఇళ్లు పటంలోకి ఎక్కించకూడదని కంపెనీ లెక్క. అందుకని వాటి మీద పచ్చ పూసేవాడు, ఒక పూట పని. పూసే ముందు ఒక్కటి చూశాడు. గోడ కుడి మూల నుంచి లోపలికి దారమంత సన్నగా తెల్లటి గీత ఉండేది. కాళ్లు తొక్కీ తొక్కీ గడ్డి చచ్చిన చోటు. మనుషులు గోడ దాటుతున్నారన్నమాట, గోడకు సందు ఉందన్నమాట.

"కారు వదిలెయ్. గోడకి కుడి మూల, మనిషి పట్టేంత సందు ఉంటుంది. పరిగెత్తు."

"అవతల ఏముంది నైనా?"

ముప్పై ఏళ్లు ఊరంతా గీసినవాడు అన్నాడు: "తెలీదు తల్లీ. తెరిచున్న తలుపు కనపడితే దూరిపో."

కారు తలుపు చప్పుడు. పరుగు, రొప్పు, బట్ట ఎక్కడో చిరిగిన చప్పుడు. ఎవరో మగవాడు కేక వేశాడు. పగిలినట్టు ఒక మోత, అది తుపాకో కాదో ముగ్గురిలో ఎవరికీ తెలియలేదు. ఆ వెంటనే దగ్గరగా ఒక ఆడగొంతు, "వోజా లా, వోజా లా" అంది. ఇటు రా అని. రేకు తలుపు దభాలుమంది. లైను తెగింది.

శ్రవణ్ కారులో అక్కడికి పదకొండు నిమిషాలు. రాడ్నీ దారి చెప్పలేదు, చెప్పమని శ్రవణూ అడగలేదు. సందు చివర రొక్సేన్ కారు లేదు, తెల్ల కారూ లేదు. గోడ దగ్గర కుళాయి ముందు బక్కెట్లతో ఆడవాళ్లు గుంపుగా నిలబడి ఉన్నారు. తెల్ల కారువాళ్ల మీద విసరగా మిగిలిన రాళ్లు కొందరి చేతుల్లో ఇంకా ఉన్నాయి. రాడ్నీ ముఖం చూడగానే ఒకావిడ అడగకుండానే గోడ మూల చూపించింది. ఆ సందులోంచి దూరుతుంటే కూతురి బట్ట చింపిన ఇనుప ఊచకే తగిలి అతని చొక్కా కూడా చిరిగింది.

మూడో ఇల్లు. తలుపు రేకుది, లోపల మట్టి నేల శుభ్రంగా అలికి ఉంది. రొక్సేన్ మంచం మీద కూర్చుని రెండు చేతులతో చక్కెర టీ పట్టుకుని ఉంది. పాదాలు కోసుకుపోయాయి, అంతే. రాడ్నీ నేల మీద కూలబడి ఆ పాదాలు పట్టుకున్నాడు. ఆయన ఏడవడం ఆ పిల్ల అదే మొదటిసారి చూడటం.

ఇంటావిడ పేరు వయొలెట్. ఆయనకూ ఒక కప్పు టీ ఇచ్చింది. పిల్ల కాళ్లకు కట్టు కట్టించాలి, అంబులెన్సు మాత్రం పిలవొద్దు, రాదు అంది. నిరుడు వాళ్లమ్మకు ఊపిరాడకపోతే పిలిచారట. ఆ డ్రైవరు పటాల పుస్తకం తిరగేసి, ఇక్కడ ఇళ్లే లేవు గడ్డి ఉందంటూ పైరోడ్డు మీదే ఆగాడట. అమ్మను దుప్పట్లో మోసుకుని ఆ గోడ సందుదాకా తెచ్చారు, అక్కడే పోయింది. వయొలెట్ ఇదంతా కోపంగా చెప్పలేదు, వాన రాలేదని చెప్పినట్టు చెప్పింది.

రాడ్నీ కప్పు కింద పెట్టేశాడు. చెప్పకుండా లేచి వచ్చేయవచ్చు, ఎవరికీ తెలిసేది కాదు. "ఆ పుస్తకంలో గడ్డి పూసింది నేనే అమ్మా" అన్నాడు.

వయొలెట్ కప్పు తీసి మళ్లీ ఆయన చేతిలో పెట్టి, చల్లారిపోతుంది తాగమంది.

ఆ సోమవారం ఆట జోహనెస్‌బర్గ్ వెళ్లలేదు. రాడ్నీ ఆ రాత్రే మోరీన్‌కు అసలు సంగతంతా చెప్పి, తిట్లన్నీ తిన్నాడు. మర్నాటి నుంచి పెన్సిలూ పుస్తకమూ పట్టుకుని గోడ సందులోంచి దూరి, మూడు వారాలు ఆ లోయలో నడిచాడు. ప్రతి రేకూ, ప్రతి కాలిదారీ గీసుకున్నాడు. పేర్లు కూడా అడిగి రాసుకున్నాడు, ఆటకు అవి అక్కర్లేకపోయినా. ఒక ప్రతి అంబులెన్సుల వాళ్లకు తనే తీసుకెళ్లి ఇచ్చాడు. ఆటలో గోడ మళ్లీ పెట్టాడు.

శ్రవణ్ గోడకు ఒప్పుకున్నాడు. వయొలెట్ ఇంటికి తెరిచిన తలుపు పెడదామంటే మాత్రం గింజుకున్నాడు. ఆట మొత్తంలో ఎక్కడా తలుపు లేదు, ఒక్కదాని కోసం ప్రోగ్రాము సగం తిరగరాయాలన్నాడు. రాడ్నీ వాదించలేదు, రోజూ వచ్చి కూర్చున్నాడు. చివరికి మృదులే మొగుడి మీద కళ్లెర్రజేసింది. ఆ తలుపు పనికి రెండు నెలలు పట్టింది.

అప్పుడు ఆట పంపితే కంపెనీ నుంచి జవాబు వచ్చింది. ఊరు బాగుందన్నారు, కార్లు బాగున్నాయన్నారు, రేడియో వ్యానుకు పడి పడి నవ్వారట. కింద లోపాలు వరసగా పన్నెండు. తొమ్మిదోది: ఓవర్‌పోర్ట్ వెనక సందు గోడతో మూసుకుపోయింది, ఎవరైనా తరుముతుంటే అక్కడ దొరికిపోతున్నాం, పొరపాటున పెట్టినట్టుంది, తీసేయగలరు.

వాటిలో పదకొండు లోపాలకు శ్రవణ్ జవాబు రాశాడు. తొమ్మిదోదానికి రాడ్నీ తన చేత్తో, పటాల మీద ఊళ్ల పేర్లు రాసే ఆ నిలువు అక్షరాలతో రాశాడు: గోడ నిజంగా ఉంది, తీయను. కారు దిగండి. కుడి మూల నుంచి నడిచి వెళ్తే మూడో ఇంటి తలుపు తెరిచి ఉంటుంది.