ఎర్తు గుంతలో పొయ్యని నీళ్లు

ఎండకు మాడిన నేల మీద చెంబెడు నీళ్లు పడితే లేచే వాసన అందరికీ ఇష్టమంటారు. నేను మాత్రం ఈ వయసులోనూ ముక్కు మూసుకుని పక్కకు తప్పుకుంటాను.

రాయచోటి దగ్గర మా పల్లెలో, నాయన కువైటు నుంచి మొదటిసారి వచ్చినప్పుడు తెచ్చిన పెద్ద రేడియో ఉండేది. దాని ఎర్తు తీగను పెరట్లో ఉప్పూ బొగ్గులూ వేసి పూడ్చిన గుంతలోకి దించి, ఆ గుంత ఎండకుండా రోజూ ఒక చెంబు నీళ్లు పోసే పని నాకప్పగించారు. గుంత తడిగా ఉంటేనే దూరదేశాల మాట తేటగా వినబడుతుందని నాయన నమ్మకం. సాయంత్రాలు వేయించిన శనక్కాయలు ఒలుచుకుంటూ, కట్టెల పొగకు కళ్లు నులుముకుంటూ, వీధిలోని పిల్లలమంతా మా అరుగు మీదే చేరి వినేవాళ్లం. అబ్బో, ఎంత మిడిసిపాటో నాకు!

నాయన మళ్లీ వెళ్లాక ఒక ఏడు ఇక్కడ వానల్లేవు, అక్కడ యుద్ధం. ఉత్తరాలు ఆగిపోయాయి. అక్కడి నుంచి తిరిగొచ్చిన పక్కూరాయన వాకిట్లో నిలబడే, "మీ ఆయనకు శానా బాగలేదమ్మా, యాడో ఆస్పత్రిలో ఏసినారంట" అని చెప్పిపోయాడు. ఆస్పత్రుల్లో ఉన్నవాళ్ల పేర్లు ఫలానా సాయంత్రం రేడియోలో చదువుతారని తెలిసి, అమ్మ పొద్దున్నుంచే దాని ముందు కూర్చుంది.

ఇంట్లో అరబిందె నీళ్లున్నాయి. గుంతకని ఇచ్చిన చెంబు నీళ్లను నేను దాహమేసి గటగటా తాగేశాను. తొమ్మిదేళ్ల పిల్లను. పైగా అబద్ధం.

"నీళ్లు పోసింటివా పాపా?"

"పోస్తినమ్మా."

రెండు పేర్లు చదివారో లేదో, ఆ గొంతు సన్నబడిపోయి బరబరమని రొద ఎత్తుకుంది. అమ్మ ముల్లు తిప్పింది, తీగ లాగింది, పెరట్లోకి ఉరికి గుంతలో చెయ్యి పెట్టి చూసింది. పొడి మన్ను. దాహమేసి తాగేశానని అప్పుడు ఒప్పుకున్నాను.

"నీళ్లు కాదే నువ్వు తాగింది, మీ నాయన పేరు తాగేస్తివి గదే!" అని అరబిందె నీళ్లూ తెచ్చి అందులో కుమ్మరించింది. రొద ఆగలేదు. నాయన తిరిగి రాలేదు.

ఈమధ్య సౌర తుఫాను అని వార్తలొస్తే ఫోనులో వెతికి చదివాను. సూర్యుడి నుంచి సూక్ష్మ కణాల గాలి ఎప్పుడూ వీస్తూనే ఉంటుందట. ఒక్కోసారి అది రేగిపోయి వచ్చి భూమి చుట్టూ ఉన్న అయస్కాంత కవచాన్ని కుదిపేస్తే, రేడియో తరంగాలను తిరిగి కిందికి పంపే పైపొర చెదిరి, దూరపు మాటలు రొదలో కలిసిపోతాయట. దానికి చెంబు నీళ్లేం చేస్తాయి, చెరువు నీళ్లేం చేస్తాయి! ఏ రోజు ఎంత గాలి రేగిందో పాత లెక్కలూ ఉన్నాయి. చూస్తే తేలిపోవచ్చు, ఆ సాయంత్రం తప్పు నాదో సూర్యుడిదో.

ఆ రేడియో పాత సామాన్లవాడికి పోయింది, గుంత మీద సిమెంటు పరిచారు. అమ్మ మాత్రం బతికినన్నాళ్లూ ఏటా ఒక రోజు, పొద్దుగూకేదాకా మంచినీళ్లు ముట్టేది కాదు. అది పేర్లు చదివిన రోజేనని నాకు తెలుసు. ఆమె ఎండిన పెదాలు చూడలేక చేనికి పారిపోయేదాన్ని. ఏ నెలో, ఏ తేదీనో, నా మొహం మండ, ఒక్క ఏడైనా క్యాలెండరు చూడలేదు, అడగలేదు. అమ్మ పోయినేడు పోయింది. సూర్యుడి లెక్క రోజుకు రోజు నా చేతిలో ఉంది. అందులో ఏ రోజు చూడాలో చెప్పేవాళ్లు లేరు.